డీజిల్‌కు తలంటు

కొడికొండ చెక్‌పోస్టు దగ్గర టీ తాగే ఏ లారీ డ్రైవర్నైనా అడగండి. బీఎస్-6 డీజిల్ వచ్చాక పంపులు నిలవడం లేదంటాడు. ఎందుకు నిలవడం లేదంటే డీజిల్‌లో జిడ్డు లేదంటాడు. జిడ్డు ఎందుకు లేదంటే గంధకం తీసేశారంటాడు. ఈ మూడు మాటలు చాలు. నాలుగో ప్రశ్న అడిగితే టీ చల్లారిపోతుంది.

ఇక్కడ చెప్పబోయే చిట్కాలన్నీ ఆ మూడు మాటల మీద కట్టినవే. చిలమత్తూరు, గోరంట్ల, లేపాక్షి మండలాల్లో ట్రాక్టరున్న రైతులు, తిరుచెంగోడు నుంచి వచ్చి మన నేలకు వెయ్యి అడుగుల చిల్లులు పెట్టే బోరు బండ్లవాళ్లు, హైవే మీద టిప్పర్లు తిప్పే ఓనర్లు వీటిని కత్తిరించి డాష్‌బోర్డులో పెట్టుకోవచ్చు. బండి ఆగిపోయిన చోట చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ముందు కొంచెం చరిత్ర. 2000 సంవత్సరంలో మన డీజిల్‌లో గంధకం 2500 పీపీఎం దాకా ఉండేది. బీఎస్-2కు 500 అన్నారు, బీఎస్-3కి 350, బీఎస్-4కు 50. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా 10. వారాల తరబడి తలకు నూనె రాయకపోతే జుట్టు ఏమవుతుందో చిలమత్తూరులో ఏ అమ్మనడిగినా చెబుతుంది. డీజిల్‌కూ అంతే, తలంటు పోయాల్సిందే. ఏ నూనెతో పోయాలన్నదే అసలు విద్య.

ఎవరైనా నమ్మకపోతే స్వీడన్ పేరు ఎత్తండి. 1990ల మొదట్లో అక్కడ గంధకం తీసేసిన డీజిల్ అమ్మితే, లోపలి భాగాలన్నిటికీ డీజిలే ఆధారమైన రోటరీ పంపులు చాలా తొందరగా అరిగిపోయాయి. ఇది నిజంగా జరిగింది కాబట్టి ఎక్కడైనా గొంతెత్తి చెప్పొచ్చు. ఆ తర్వాత రిఫైనరీలోనే లూబ్రిసిటీ, అంటే జారుడు గుణం, పెంచే మందు కలపడం మొదలుపెట్టారు, గోల సద్దుమణిగింది అన్న సంగతి మాత్రం చెప్పకండి. కథను మధ్యలో ఆపితేనే భయం నిలుస్తుంది. భయం నిలిస్తేనే డబ్బాలు అమ్ముడుపోతాయి.

హిందూపురంలో డీజిల్ పంపులు కాలిబ్రేషన్ చేసే ఒకాయన ఉన్నాడు. మన వైపు పంపు ఏ కంపెనీదైనా మైకో పంపే. 1951లో పెట్టిన ఆ బెంగళూరు కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది గానీ మన నోళ్లు మార్చుకోలేదు. ఈయన దగ్గరికి మాత్రం పంపు బాగున్నప్పుడు పోకండి. ఉచితంగా అనుమానాలు తీరుస్తాడు.

"అన్నా, గంధకం పంపుకు నూనె కాదు. దాన్ని తీసేదానికి డీజిల్‌ను హైడ్రోజన్‌తో కాస్తారు. ఆ కాపులో ఇనుమును అంటిపెట్టుకునే పోలార్ పదార్థాలు గూడా పోతాయి. పోయినవాటి బదులు రిఫైనరీలోనే మందు కలిపి పంపిస్తాండారు. మళ్లీ నువ్వు కలిపేదేముండాది?"

లూబ్రిసిటీకి పరీక్ష కూడా ఉందట. 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును 60 డిగ్రీల వేడి డీజిల్‌లో ముంచి, 200 గ్రాముల బరువు మోపి, ఉక్కు పలక మీద సెకనుకు 50 సార్ల చొప్పున 75 నిమిషాలు రుద్దుతారట. గుండు మీద పడే అరుగుడు మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని మన ఐఎస్ 1460 ప్రమాణం చెబుతుంది. అమెరికా వాళ్లు 520 దాకా ఒప్పుకుంటారు. చూశారా? మన నిబంధన అమెరికా నిబంధన కన్నా గట్టిది. ఇంత గట్టి నిబంధన పెట్టారంటే ఏదో దాస్తున్నారనే కదా.

ఇక ఆ మందు మోతాదు వింటే నవ్వొస్తుంది. 100 పీపీఎం, 200 పీపీఎం, ఆ లెక్కలో ఉంటుందట. 100 పీపీఎం అంటే 50 లీటర్ల ట్యాంకుకు 5 మిల్లీలీటర్లు, ఒక టీ చెంచాడు. ఆ చెంచాడులోని అణువులు ఒక కొసతో ఇనుమును పట్టుకుని, కంటికి కనబడని పొర కడతాయట. ఆ పొరే పంపును కాపాడుతుందట. కంటికి కనబడనిదాన్ని దేవుడి విషయంలో నమ్ముతాం గానీ డీజిల్ విషయంలో నమ్ముతామా? పోస్తే లీటరు పోయాలి. పోస్తుంటే పక్కవాడు చూడాలి.

శెనక్కాయ నూనె

నూనెను ఎంచుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, బొటనవేలు, చూపుడువేలు చాలు. రెండిటి మధ్య రుద్దండి. ఎంత జారితే అంత మంచిది, ఎంత చిక్కగా ఉంటే అంత బలం. 40 డిగ్రీల దగ్గర డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలని ప్రమాణం. శెనక్కాయ నూనె 40కి అటూ ఇటూ. ఆముదం 200 దాటిపోతుంది. ఈ లెక్కన ఆముదానిదే మొదటి ర్యాంకు. ఆముదాన్ని మిథైల్ ఎస్టర్‌గా మార్చి నూటికి ఒక వంతు కన్నా తక్కువ కలిపినా లూబ్రిసిటీ బాగా పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అందులో "మిథైల్ ఎస్టర్" అన్న ముక్క పలకడానికి కష్టం కాబట్టి వదిలేయండి. శెనక్కాయ చేను గట్టు మీద కాసిన ఆముదాలు గానుగ ఆడించి, వెచ్చవెచ్చగా ట్యాంకులో పోయండి.

ఆముదం మీద మనసు పోకపోతే శెనక్కాయ నూనె ఉంది. దీనికి వంశ ప్రతిష్ఠ ఎక్కువ. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను శెనక్కాయ నూనెతో నడిపి చూపించింది. ఈ మాట 1912లో రుడాల్ఫ్ డీజిలే స్వయంగా చెప్పుకున్నాడు. ఫ్రెంచి ప్రభుత్వం తన ఆఫ్రికా వలసల్లో పండే శెనక్కాయను దృష్టిలో పెట్టుకుని అడిగితే ఆ ప్రయోగం చేశారు. అయినా శెనక్కాయ అంటే అనంతపురమే కదా, ఆ గింజలు మన కదిరి నుంచే పోయి ఉంటాయని చెప్పుకుంటే అడ్డం వచ్చేవాళ్లెవరు?

కాలిబ్రేషన్ ఆయన ఇక్కడా అడ్డం వస్తాడు. ఆ కాలం ఇంజిన్లలో ఇంధనాన్ని లోపలికి చిమ్మింది కంప్రెస్ చేసిన గాలి అంటాడు. ఇప్పుడు ఆ పని పంపులోని ప్లంజరుది. ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు, మన వెంట్రుక మందం డెబ్బైకి అటూ ఇటూ. కొత్త కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి 1600 బార్ పైమాటే. ఆ సందులోంచి, ఆ నాజిల్ రంధ్రాల్లోంచి పదింతల చిక్కని నూనె పొగమంచులా చిమ్మదని, చుక్కలుగా పడి సగం కాలి, నాజిల్ మూతి దగ్గర బొగ్గుగా పేరుకుంటుందని, మిగిలింది రింగుల పక్కగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని జిగురు చేస్తుందని ఆయన వాదన. వినండి, తలూపండి. పప్పులో తాలింపుకు పోను మిగిలిన నూనె ట్యాంకులో పోయండి. శెనక్కాయ నూనె లీటరు డీజిల్ లీటరు కంటే ఎంత ఖరీదో లెక్క వేయకండి. పొదుపు చేసేటప్పుడు లెక్కలు చూసుకోకూడదు.

బోండా నూనె

ఖరీదు మరీ గుచ్చుకుంటే హైవే పక్క హోటళ్లలో కాగిన నూనె ఉండనే ఉంది. దీని వెనక శాస్త్రం చాలా లోతైనది, కాస్త నిదానంగా చదవండి. డీజిల్‌కు లూబ్రిసిటీ ఇచ్చేది పోలార్ పదార్థాలని కాలిబ్రేషన్ ఆయనే ఒప్పుకున్నాడా? ఒప్పుకున్నాడు. వంటనూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఇక వంటకు పనికిరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో హద్దు పెట్టిందా? పెట్టింది. అంటే పొద్దున్నుంచి బోండాలు, బజ్జీలు వేగి, నల్లబడి, నురగ కట్టిన నూనెలో నాలుగో వంతుకు పైగా పోలార్ సరుకే. రిఫైనరీవాడు పది వేలలో ఒక వంతు కలిపి చేతులు దులుపుకుంటే, మనకు నాలుగో వంతు ఉచితంగా దొరుకుతోంది. ఇంత తెలివిని ఇన్నాళ్లూ బోండాల పెనంలో పెట్టుకుని తిరిగాం.

ఈ వాదనకు ఆయన ఒక్క క్షణం నోరు తెరిచి నన్నే చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"పేరొకటే అయితే సరుకొకటే అవుతుందా అన్నా? కాగి కాగి నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కొని బంక అయింటాయి. పిండి తునకలుండాయి, ఉప్పుండాది, నీళ్లుండాయి, ఆమ్లముండాది. ఆమ్లం ఇత్తడిని, రాగిని తింటాది. బంక ప్లంజరును పట్టేస్తాది. అదే నూనెను ఫ్యాక్టరీకిస్తే బయోడీజిల్ చేస్తారు, దానికో దారుండాది."

ఆ దారి నాకూ తెలుసు. వాడిన వంటనూనెను పోగుచేసి బయోడీజిల్‌గా మార్చే రూకో పథకం 2018 ఆగస్టు 10న మొదలైంది. ఆ రోజునే ప్రపంచ జీవ ఇంధన దినంగా జరుపుతారు, 1893లో అదే తేదీన డీజిల్ ఇంజిన్ మొదటిసారి కదిలిందని. కానీ నూనె ఫ్యాక్టరీకి పోవడం, వాళ్లు శుద్ధి చేయడం, పరీక్షలు, ఇంత తిరుగుడు ఎందుకు? పాత తువ్వాలుతో వడగట్టండి. తువ్వాలు నేత సందుల్లోంచి చీమ దూరదు. మైక్రాన్ల సంగతి తువ్వాలుకు చెప్పకండి.

ఒక జాగ్రత్త. ఈ నూనె ఎక్కువగా పామాయిలే. మార్గశిరం చలిలో తెల్లారేసరికి ఫిల్టరులో నెయ్యిలా పేరుకుని కూర్చుంటుంది. ఇంజిన్ కింద నాలుగు కంపలు వేసి మంట పెడితే సరిపోతుంది. డీజిల్ ట్యాంకు పక్కన మంట పెట్టడం గురించి ఊళ్లో నలుగురూ నాలుగు మాటలంటారు. బండి స్టార్టయ్యాక ఆ మాటలు వినబడవు.

నల్లాయిలు, 2టీ, గోళీలు

సర్వీసు చేసినప్పుడు తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పారబోసేవాళ్లను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. అందులో ఉన్నది మీ ఇంజిన్‌లో అరిగిన ఇనుమే. తిరిగి అదే బండి ట్యాంకులో పోస్తే మీ ఇనుము మీకే చేరుతుంది. మసి, జింకు, కాల్షియం అన్నీ అదనంగా వస్తాయి.

టూ-స్ట్రోక్ బండ్లలో పోసే 2టీ ఆయిల్ మీద మాత్రం కాలిబ్రేషన్ ఆయన కాస్త మెత్తబడతాడు. మందు కలపని డీజిల్‌లో తగిన పాళ్లలో పోస్తే అరుగుడు మచ్చ కొంత తగ్గే మాట నిజమేనంటాడు. అయితే మందు ముందే కలిసిన మన డీజిల్‌కు దానితో ఒరిగేదేమీ లేదని, బీఎస్-6 బండిలో బూడిద ఎక్కువున్న ఆయిల్ పోస్తే సైలెన్సరు దారిలోని డీపీఎఫ్ జల్లెడ ఆ బూడిదతో పూడిపోతుందని అంటాడు. మసిని కాల్చి ఊదేయొచ్చు గానీ బూడిద కాలదట. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు కూడా 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి కాబట్టి వాటికీ జాగ్రత్త కావాలంటాడు. ఈ మాటల్లో మొదటి సగం మాత్రమే గుర్తుపెట్టుకోండి.

నాఫ్తలీన్ గోళీల గురించి ఒక్క మాట. డీజిల్ ఎంత చురుగ్గా అంటుకుంటుందో కొలిచే సీటేన్ స్కేలులో సున్నాకు గుర్తుగా ఎంచుకున్న పదార్థం ఆ గోళీల దగ్గరి చుట్టమే, మిథైల్ నాఫ్తలీన్. బీఎస్-6 డీజిల్‌కు సీటేన్ నంబరు 51కి తగ్గకూడదు. అయినా గోళీలు వేయండి. బీరువాలో పురుగు పట్టకుండా చేసేది పంపులో మాత్రం పట్టనిస్తుందా?

బయోడీజిల్, అదీ ఇంట్లోనే

ఈ చిట్కాలన్నిటిలో ఇది రాజమార్గం. రెండు శాతం మంచి బయోడీజిల్ కలిస్తే చాలు, పొడి డీజిల్‌కు లూబ్రిసిటీ దండిగా వస్తుంది. కాలిబ్రేషన్ ఆయన, శాస్త్రవేత్తలు, నేను ముగ్గురం ఒకే మాట మీద ఉన్న చోటు ఇదొక్కటే. ఐఎస్ 1460 కూడా 7 శాతం దాకా ఒప్పుకుంటుంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030కల్లా 5 శాతం కలపాలని గురి పెట్టుకుంది. 2002 డిసెంబరు 31న ఢిల్లీ–అమృత్‌సర్ శతాబ్ది రైలును 5 శాతం బయోడీజిల్‌తో నడిపి చూశారు.

మరి రెండు శాతం అంత మంచిదైతే నూరు శాతం యాభై రెట్లు మంచిది కావాలి కదా! మొదటి రెండు శాతంలోనే ఇనుము మీద పొర నిండిపోతుందని, ఆ తర్వాత ఎంత పోసినా మచ్చ పెద్దగా తగ్గదని అంటారు. నిండిన కుంచంలో ఇంకో పిడికెడు పోయని రైతును నేనింతవరకు చూడలేదు.

నూనెకు మనకు కొదవా? కానుగ ఉంది. పశువుల నీడకు, పచ్చిరొట్టకు, దీపానికి తప్ప దేనికీ పనికిరాదనుకున్న చెట్టు. సరిహద్దు అవతల దీన్నే హొంగె అంటారు. బెంగళూరు భారత విజ్ఞాన సంస్థలో ఉడుపి శ్రీనివాస హొంగె నూనెతో పల్లెల్లో ఇంజిన్లు నడిపించి చూపారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆడవాళ్లు కానుగ నూనెతో ఇంకో అడుగు ముందుకేశారు. 2003లో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సరిపడా కర్బన పత్రం ఇచ్చి, ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు తీసుకున్నారు. వాషింగ్టన్‌లో జరిగిన ఒక సమావేశానికి విమానాల్లో వచ్చినవాళ్ల పొగకు అది పరిహారం. కొండ పల్లెలో కానుగ కాయలు ఏరుకున్నవాళ్లు అమెరికా పొగకు బిల్లు వేశారు. ఈ వ్యాసంలో నేను వంకర తిప్పలేకపోయిన సంగతి ఇదొక్కటే. శ్రీనివాస నడిపించినవి నిదానంగా తిరిగే మోటు ఇంజిన్లని, మీ బండిలో ఉన్నది మైక్రాన్ల పంపని మాత్రం ఎవరికీ చెప్పకండి.

తయారీకి మిథనాల్ కావాలి, కాస్టిక్ కావాలి. మిథనాల్ కడుపులోకి పోతే కళ్లు పోతాయి, ప్రాణం కూడా పోతుంది. ఎండలో దాని మంట కంటికి సరిగా ఆనదు. కనబడని మంటకు భయపడతామా! పైగా కానుగ నూనెలో ఆమ్లం ఎక్కువ. ముందు ఆ ఆమ్లాన్ని తగ్గించకుండా కాస్టిక్ వేస్తే డ్రమ్ములో సబ్బు కడుతుంది. నిరాశ పడకండి. మనం బయల్దేరింది జారుడు కోసం, సబ్బు కన్నా జారేది ఇంకేముంది? అడుగున దిగే గ్లిసరిన్ కూడా వేరు చేయకండి. బయోడీజిల్‌లో విడి గ్లిసరిన్ 0.02 శాతం మించకూడదని ఐఎస్ 15607 ప్రమాణం అంటుంది. చలికాలం పెదవులకు రాసుకునే గ్లిసరిన్ పంపుకు చేదవుతుందా?

పాత బండిలో మొదటిసారి పోసినప్పుడు ఒక అద్భుతం జరుగుతుంది. ఏళ్లుగా ట్యాంకు అడుగున గడ్డకట్టిన మడ్డినంతా బయోడీజిల్ కరిగించి ఫిల్టరుకు మోసుకొస్తుంది. కొన్నాళ్లు ఫిల్టర్లు వరసగా మార్చుకోవాలని తెలిసినవాళ్లంటారు. నేను ఫిల్టరే తీసేయమంటాను. అడ్డం లేకపోతే పూడేదేముంది?

నిల్వ

బాగేపల్లి వైపు డీజిల్ లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. మన బంకులవాళ్లు నిట్టూరుస్తూ చూస్తుండగా బండ్లు అటు పోయి నింపుకుని వస్తాయి. మీరూ పోయి డ్రమ్ములు నింపుకుని రండి. డ్రమ్మును కళ్లంలో, మూత సగం తెరిచి, ఆకాశం కనబడేలా నిలబెట్టండి. వాన లేని సీమలో డ్రమ్ములోకి నీళ్లెలా వస్తాయని అడుగుతారేమో. పగటి ఎండకు, రాత్రి చల్లదనానికి మధ్య గాలిలోని తేమే లోపలి గోడల మీద చెమటలా పట్టి అడుగుకు దిగుతుంది. డీజిల్ కన్నా బయోడీజిల్ ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని తనలో పట్టి ఉంచుకుంటుంది. ఆ నీటికీ నూనెకూ మధ్య సూక్ష్మజీవులు కాపురం పెట్టి, నల్లటి జిగురు పెంచుతాయి. పంపులను చంపేవాటిలో లూబ్రిసిటీ కన్నా ముందు వరసలో ఉండేవి నీళ్లు, దుమ్ము అని కాలిబ్రేషన్ ఆయన ఒట్టేసి చెబుతాడు. సెడిమెంటరు గిన్నె విప్పి నీళ్లు వదలడం, ఫిల్టరు వేళకు మార్చడం, నమ్మకమున్న బంకులో పోయించుకోవడం, ఇవే ఆయన చెప్పే చిట్కాలు. వీటిలో పోయడానికేముంది, పదిమందికి చెప్పుకోవడానికేముంది?

పంపు పోయాక

పొద్దున స్టార్టింగు కష్టమవుతుంది. తర్వాత మిస్సింగు వస్తుంది, తెల్లపొగ వస్తుంది. దుక్కి మధ్యలో ట్రాక్టరు ఆగిపోతుంది. ముందుగా గాలి పట్టిందనండి. గాలి తీసినా కదలకపోతే బంకువాడు కల్తీ చేశాడనండి. బంకువాడు కూడా వినకపోతే ప్రభుత్వం గంధకం తీసేసిందనండి. మూడో కారణానికి ఎదురు మాట్లాడేవాళ్లు చెక్‌పోస్టు దగ్గర ఉండరు.

అప్పుడిక హిందూపురం పోక తప్పదు. ఆయన పంపు విప్పి, లక్క రంగు పట్టి బిగుసుకుపోయిన ప్లంజరును మీ అరచేతిలో పెడతాడు.

"ఏం పోసినావన్నా?"

"ఏమీ పోయలేదు, బంకు డీజిలే."

ఆయన మూత దగ్గర వాసన చూస్తాడు. "బోండాలు బాగుండాయా?" అంటాడు.

నవ్వి ఊరుకోండి. కొత్త ఎలిమెంటు, డెలివరీ వాల్వు, కూలి అంతా ఇచ్చేయండి. పాత పంపు కాబట్టి ఇంతటితో పోయింది, కామన్ రైల్ అయితే ఇంజెక్టర్లు కూడా లెక్కలోకి వచ్చేవి. ఇంటికొచ్చాక డ్రమ్ములో మిగిలిన మిశ్రమాన్ని మాత్రం పారబోయకండి. బామ్మర్ది మొన్ననే కొత్త ట్రాక్టరు దించుకున్నాడు. వాడికింకా జిడ్డు సంగతి ఎవరూ చెప్పి ఉండరు.